కీర్తిశేషులు డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగలో ఒక బ్యాంకరును స్మరించుట కొందఱకు వింతగా తోపవచ్చును. సరస్వతికిని లక్ష్మికిని పొత్తు కుదరదని లోకులనుకొందురు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి జీవితమున ఆ యిరువురును చిరకాలము కలిసియే కాపురముండిరి.

ఆయన 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పిదప వైద్యవిద్య పూర్తిచేసి, బందరున వైద్యవృత్తి నారంభించిరి. చేతినిండ పనిగల వైద్యుడు మందులపెట్టె మూసి వడ్డీలెక్కలు తెఱచుటకు కారణమేమి?

1906లో మదరాసున అర్బత్నాట్ కంపెనీ దివాలా తీసినది. దొరల కంపెనీయని నమ్మి పింఛనుదారులు, వితంతువులు, ఉద్యోగులు దాచుకొన్న సొమ్ము మునిగినది. మఱుసటి యేడు మదరాసులో ఇండియన్ బ్యాంకు పుట్టినది. దేశీయుల సొమ్ము దేశీయుల చేతనే కాపాడబడవలెనను తలంపు తెలుగుదేశమున పట్టాభిగారిలో వేళ్లూనెను. 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకును నెలకొల్పిరి. 1923లో సిమ్లా అలయన్స్ బ్యాంకు కూలినది. జనులు బ్యాంకు పేరు వినిన భయపడెడి ఆ సంవత్సరముననే, నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు కాగా 28న బందరులో వ్యాపారము మొదలైనది. చెల్లించిన మూలధనము లక్షరూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ దానికి తోబుట్టువైనది.

లక్ష చిన్న మొత్తమే. అయినను పరుల సొమ్ము దాచువానికి మూలధనముకంటె మాట పెద్దది. జమ ఖర్చులు వ్రాసిన ప్రతి చేయియు ఈ సంగతి నెఱుగును.

జనగామ, మానుకోట ప్రాంతముల పెద్దలకు అప్పు రుచి వేఱుగా చెప్పనక్కఱలేదు. నాగుకు ఒక పుట్టి ధాన్యము తెచ్చినవాడు కల్లములో ఒకటిన్నర పుట్టి కొలిచెడివాడు. తీఱని బాకీకి తండ్రియు, తరువాత కొడుకును భగేలాలై దొరయింట చాకిరి చేసిన సంసారములెన్నో! కౌటిల్యుడు నూఱు పణములకు నెలకు ఒకటింబావు పణము ధర్మమైన వడ్డీ యనెను. ఆ లెక్కన చూచిన నాగు వడ్డీ యేపాటి ధర్మమో గ్రహింపవచ్చును. హైదరాబాదు స్టేటు బ్యాంకు 1942లో గాని పని మొదలిడలేదు. అదియైనను పేదరైతు గడపదాక రాలేదు. న్యాయముగా చెప్పవలెనన్న, ఆ కాలపు బ్యాంకులన్నియు ఆస్తి చూపగలవానికే ముందుగా అప్పిచ్చినవి.

పట్టాభిగారి రాజకీయము అందఱెఱిగినదే. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాసుబాబుతో పోటీచేసి ఓడిరి. 1942 మొదలు దాదాపు మూడేండ్లు అహమ్మదునగరు కోటలో బందీగా నుండిరి. 1948లో జయపుర కాంగ్రెసుకు అధ్యక్షులైరి. భాషారాష్ట్రములకై యౌవనము నుండి వాదించిన ఆయనయే, నెహ్రూ పటేలులతో కూడిన సంఘములో సభ్యుడై ఆ రాష్ట్రములను వాయిదా వేయుడను నివేదికపై సంతకము చేసిరి. అందుపై తెలుగువారిలో కలిగిన నొప్పి అకారణము కాదు. 1935లో వెలువడిన ఆయన కాంగ్రెసు చరిత్ర మాత్రము పెక్కు గ్రంథాలయములను చేరినది.

తాను నెలకొల్పిన సంస్థలలో ఉత్తరప్రత్యుత్తరములు తెలుగున జరుగవలెనని ఆయన పట్టుబట్టిరని ప్రతీతి. ఇంగ్లీషుననే చరిత్ర వ్రాసినవారి కోరిక యిది! ఖాతా యెవనిదో వానికి అర్థమగు భాషలో లెక్క చెప్పుట ఋణదాత ధర్మము గదా.

1959 డిసెంబరు 17న పట్టాభిగారు పరమపదించునాటికి ఆ బ్యాంకు వయస్సు 36 ఏండ్లు. 1980లో అది జాతీయమైనది. 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు కోల్పోయినది. బోర్డులు మాఱినవి, ఖాతాలు నిలిచినవి. పేరు పోయినందుకు బాధపడినవారు పెక్కురు. భాషపోయినందుకు బాధపడినవారు తక్కువ. మానుకోట మిరపరైతు గాని, భూపాలపల్లి బొగ్గుగని కార్మికుడు గాని నేడు బ్యాంకులో చీటీ నింపవలసివచ్చిన, అక్షరము వచ్చియు తెలుగున వ్రాయుటకు జంకి, ప్రక్కవానికి కలము అందించుచున్నాడు.