ముందు సారు, తర్వాత సర్కారు
ఐవరీకోస్ట్ మాజీ అధ్యక్షుడు బాగ్బో రాజకీయ జీవితం

(విద్యార్థులు, ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ తరగతిలో మాట్లాడమన్నప్పుడు మేం ఒక మనిషిని ఎంచుకున్నాం. ఆయన రాజుల బిడ్డ కాదు, సైన్యాధికారి కాదు. చరిత్ర చెప్పే సారు. అధ్యాపకుల సంఘంలో పనిచేశాడు, జైలుకు పోయాడు, దేశం విడిచి ప్రవాసంలో బతికాడు, ఆఖరికి దేశాధ్యక్షుడయ్యాడు. పేరు లారెంట్ బాగ్బో. దేశం పశ్చిమాఫ్రికాలోని ఐవరీకోస్ట్.

అంత దూరం సంగతి మనకెందుకని అనుకోవద్దు. ముల్కీ ముచ్చట తెలిసిన గడ్డ మనది. 'స్థానికుడెవరు?' అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. అయితే కొలువులో వాటా ఎవరిదని అడగడం వేరు, నువ్వు ఈ దేశపు మనిషివేనా అని అడగడం వేరు. మొదటిది హక్కుల కొట్లాట. రెండోది మనిషినే కొట్టివేయడం. ఈ గీత చెరిగిపోతే ఏమవుతుందో బాగ్బో కథ చెబుతుంది.

ప్రపంచంలో అన్నింటికన్నా ఎక్కువ కోకో పండించే దేశం ఐవరీకోస్ట్. 1960లో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది మొదలు 1993లో చనిపోయేదాకా హుఫూయే బోయినీ ఒక్కడే ఏలాడు. అడవి కొట్టి కోకో తోటలు పెట్టడానికి దేశం ఉత్తరాది నుంచి, పొరుగున ఉన్న బుర్కినా ఫాసో నుంచి లక్షల మంది కూలీలు దక్షిణానికి వచ్చారు. 1998 జనాభా లెక్కల నాటికి ప్రతి నలుగురిలో ఒకరు 'విదేశీయుడు'. అందులో చాలామంది అక్కడే పుట్టినవాళ్లు. కోకో ధర ఉన్నన్నాళ్లు ఎవరూ ఎవరి ఊరు అడగలేదు. 1980లలో ధర కూలిపోయింది. అప్పటి నుంచి అడగడం మొదలైంది.

ఆ ఏకపార్టీ పాలనను ఎదిరించినవాడు బాగ్బో. 1945లో గాన్యోవా దగ్గరి మామా అనే ఊళ్లో పుట్టాడు. సర్కారుకు నచ్చని పాఠాలు చెబుతున్నాడని 1971లో పట్టుకపోయి 1973 దాకా నిర్బంధించారు. 1982లో అధ్యాపకుల సమ్మెలో ముందున్నాడు. అదే ఏడు రహస్యంగా ఎఫ్‌పీఐ పార్టీ పెట్టి, ఫ్రాన్స్ వెళ్లిపోయి, 1988లో తిరిగొచ్చాడు. 1990లో మొదటిసారి బహుళపార్టీ ఎన్నికలు జరిగితే బోయినీ మీద నిలబడి 18 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. 1992లో విద్యార్థుల ఆందోళన తర్వాత మళ్లీ జైలు. అప్పటి ప్రధానమంత్రి అలస్సాన్ వటారా. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇంతవరకు వింటే మనవాడే అనిపిస్తాడు. అసలు పరీక్ష తర్వాత వచ్చింది.

బోయినీ తర్వాత వచ్చిన బేడియె 'ఐవరీతనం' అనే వాదాన్ని రాజకీయంలోకి తెచ్చాడు. ఉత్తరాదివాడైన వటారాను పోటీ నుంచి తప్పించడానికే తెచ్చాడు. 1999 డిసెంబర్‌లో సైన్యం బేడియెను దింపింది, జనరల్ గెయి వచ్చాడు. 2000లో రాజ్యాంగం మారింది. అధ్యక్ష అభ్యర్థి తల్లీ తండ్రీ ఇద్దరూ పుట్టుకతో ఆ దేశస్థులే కావాలన్నారు. కోర్టు వటారాను, బేడియెను కూడా పక్కన పెట్టింది. పెద్ద నాయకుల్లో గెయికి ఎదురు మిగిలింది బాగ్బో ఒక్కడే. ఓటేసినవాళ్లు దాదాపు 37 శాతం. నేనే గెలిచానని గెయి ప్రకటించుకుంటే జనం వీధుల్లోకి వచ్చి తరిమేశారు. 2000 అక్టోబర్ 26న బాగ్బో ప్రమాణం చేశాడు.

ప్రత్యర్థులను తప్పించి జరిపిన ఎన్నిక ఇది, మళ్లీ పెట్టండని వటారా మనుషులు అడిగారు. బాగ్బో ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు ప్రజాస్వామ్యం కోసం కొట్లాడిన సారు, మూసిన తలుపు తనకు లాభమైతే చాలనుకున్నాడు. మరునాడే అబిజాన్‌లోని యోపుగాన్‌లో 57 శవాలు బయటపడ్డాయి. విచారణలో నిలబెట్టిన పోలీసు బలగాలవాళ్లు 2001లో నిర్దోషులుగా బయటకొచ్చారు.

ఆ తర్వాత ఉత్తరాది పేరు కనబడితే చాలు, తనిఖీల్లో కాగితాలు అడిగేవారు, చించేసేవారు. 2002 సెప్టెంబర్‌లో తిరుగుబాటు లేచి దేశం రెండు ముక్కలైంది. విద్యార్థి మిత్రులు ఇది శ్రద్ధగా వినాలి. తిరుగుబాటుదారుల నాయకుడు గియోమ్ సోరో. బాగ్బో తరఫున 'యువ దేశభక్తుల'ను వీధుల్లో నడిపినవాడు చార్ల్స్ బ్లె గూడె. ఇద్దరూ ఫెస్కీ అనే ఒకే విద్యార్థి సంఘానికి ఒకరి తర్వాత ఒకరు ప్రధాన కార్యదర్శులు!

2005లో జరగాల్సిన ఎన్నిక 2010 దాకా జరగలేదు. నవంబర్ 28 రెండో విడతలో వటారాకు 54 శాతం వచ్చాయని ఎన్నికల సంఘం చెప్పింది. రాజ్యాంగ మండలి ఉత్తరాదిలోని ఓట్లు కొట్టేసి బాగ్బో గెలిచాడంది. డిసెంబర్ 4న ఒకే దేశానికి ఇద్దరు అధ్యక్షులు ప్రమాణం చేశారు. సుమారు మూడు వేల మంది చనిపోయారు. 2011 మార్చి 3న అబోబోలో ఊరేగింపుగా వచ్చిన ఆడవాళ్ల మీద కాల్పులు జరిగి ఏడుగురు నేలకొరిగారు. ఏప్రిల్ 11న బాగ్బోను అరెస్టు చేశారు.

'ఇదంతా ఫ్రాన్స్ కుట్ర' అనేవాళ్లున్నారు. ఫ్రాన్స్ చేతులు శుభ్రంగా ఉన్నాయని మేమూ అనం. 2004లో ఫ్రెంచి సైన్యం ఐవరీకోస్ట్ విమానాలను ధ్వంసం చేసింది. 2011లో దాని హెలికాప్టర్లు అబిజాన్ మీద దాడి చేశాయి. వటారా పక్షాన పోరాడిన బలగాలు దుయెకూయే పట్టణంలో చేసిన హత్యాకాండకు హాగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఎవరినీ బోనెక్కించలేదు. బాగ్బోను మాత్రం ఎక్కించింది. 2019లో నిర్దోషి అని తేల్చింది, 2021లో అప్పీలులోనూ అదే తీర్పు. కానీ కోర్టులో నేరం రుజువు కాకపోవడం ఒకటి, జనానికి జవాబు చెప్పడం ఇంకొకటి. పోటీదారుడి పుట్టుకను అడ్డం పెట్టుకున్న రాజకీయం ఫ్రాన్స్ నుంచి దిగుమతి కాలేదు.

2021లో బాగ్బో దేశానికి తిరిగొచ్చి కొత్త పార్టీ పెట్టాడు. 2025 ఎన్నికల్లో నిలబడదామనుకుంటే, పాత బ్యాంకు కేసులో పడ్డ శిక్షను చూపి ఓటరు జాబితా నుంచే పేరు తీసేశారు. ఇంకో ప్రత్యర్థి తిజాన్ తియామ్‌ను ఫ్రెంచి పౌరసత్వం సాకుతో తప్పించారు. గెలిచిందెవరు? ఒకనాడు ఇదే పద్ధతిలో బయట నిలబడ్డ వటారా, నాలుగోసారి! మనుషులు మారారు, తాళం మారలేదు.

చివరగా ఒక మాట. 2000 అక్టోబర్‌లో వీధుల్లోకొచ్చి జనరల్‌ను దింపిన యువకులే, ఆ మరునాడు 'సారూ, అందరూ పోటీ చేసే ఎన్నిక పెట్టు' అని తమ నాయకుడిని అడిగి ఉంటే? అడగగలిగే బలం అప్పుడు వాళ్ల దగ్గరే ఉంది. ప్రత్యర్థిని నిలదీయడం ఎవరైనా చేస్తారు. మనవాడు గెలిచిన రోజే మనవాడిని నిలదీయడం ఉద్యమకారుల పని. సంఘం ఎన్నికైనా, సర్కారు ఎన్నికైనా, ఈ పనిని రేపటికి వాయిదా వేయొద్దని మా మనవి.