బడి మాన్పించే ముందు డాక్టరుకు చూపిద్దాం



ఏటా ఈ సభలో పొదుపు, అప్పు, రికవరీ లెక్కలు చెప్పుకుంటాం. ఈసారి మా సంఘం తరఫున పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పత్తి తీసే పని మొదలైనా, మిరప కోతకు గుంటూరు పక్క సుగ్గికి పోయే కాలం వచ్చినా, ముందుగా బడి మానేది ఎవరు? "వీనికి చదువు అబ్బదు, ఒక్కచోట కుదురుగా కూర్చోడు" అని పేరుపడిన పిల్లోడే. అట్లాంటి పిల్లల్లో కొందరికి ఏడీహెచ్‌డీ ఉండొచ్చు. అంటే మనసు ఒకదాని మీద నిలవదు, కాలు చెయ్యి ఆగదు, ఆలోచించేలోపే పని చేసేస్తారు. ప్రపంచం మొత్తం మీద 100 మంది పిల్లల్లో సుమారు 5 మందికి ఇది ఉంటుందని అంచనా.

అల్లరి చేసే ప్రతి బిడ్డకూ ఇది ఉన్నట్టు కాదు. 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తూ, 6 నెలలకు పైగా ఉండి, చదువుకు అడ్డం పడుతుంటేనే డాక్టర్లు ఆ మాట అంటారు. ఆడపిల్లల్లో గంతులు తక్కువ, పరధ్యానం ఎక్కువగా ఉంటుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. పెద్దపిల్లలైనాక పరుగులు తగ్గినా మతిమరుపు, తొందరపాటు, సగంలో పని వదిలేయడం ఉండిపోతాయి.

ఒక్క రక్తపరీక్షతోనో, ఒక్క స్కానింగుతోనో ఇది తేలదు. తల్లిదండ్రులను, టీచరును అడిగి, బిడ్డను గమనించి చెప్తారు. చెవి, కన్ను, నిద్ర, రక్తహీనత చూసేది వేరే కారణం ఏమైనా ఉందేమోనని. కాబట్టి ఉత్త స్కానింగులకు, తాయెత్తులకు అప్పు చేయొద్దు.

ఇంక నింద సంగతి. "తల్లి గారాబం", "చక్కెర ఎక్కువ పెట్టింది" అంటారు. అవి కారణాలు కావు. కవల పిల్లల మీద చేసిన పరిశోధనల్లో వంశపారంపర్యమే పెద్ద కారణమని తేలింది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లోనూ, ఒంట్లోకి సీసం చేరిన పిల్లల్లోనూ ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

పత్తి చేన్లో పనిచేసే మనం ఇంకొకటి తెలుసుకోవాలి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం సాలినాస్ లోయలో వ్యవసాయ కూలి కుటుంబాల మీద పరిశోధన చేశారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఒంట్లో పురుగుమందుల జాడ ఎక్కువగా ఉన్న పిల్లల్లో, 5 ఏళ్ల వయసుకు శ్రద్ధ నిలవని ఇబ్బంది ఎక్కువ కనిపించిందని 2010లో ప్రకటించారు. అట్లా పుట్టిన ప్రతి బిడ్డకూ వస్తుందని కాదు, జాగ్రత్త మాత్రం మన చేతిలో ఉంది. గర్భిణిని మందు కలపడానికి, మందు కొట్టిన చేనుకు పంపొద్దు. మందు డబ్బాల్లో నీళ్లు పట్టొద్దు. పాత బ్యాటరీలు పగలగొట్టే చోటికి పిల్లలను పోనీయొద్దు. గర్భిణులు ఐరన్ మాత్రలు, నెల నెలా చెకప్ మానొద్దు.

చూపించేది యాడ? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. 18 ఏళ్ల దాకా అంగన్‌వాడీల్లో, సర్కారు బళ్లలో పిల్లలను ఉచితంగా పరీక్షించే పథకం ఇది. అందులో చూడవలసిన వాటిలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో అడగండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా సలహా చెప్తారు. తల్లిదండ్రులకు శిక్షణ, బడిలో ముందు బెంచీ, పనిని చిన్న చిన్న ముక్కలుగా చెప్పడం, అవసరమైతే డాక్టరు రాసిన మందు, వీటితో పిల్లలు బాగా మెరుగవుతారు. కొడితే మాత్రం తగ్గదు.

మా సంఘం కోరేది మూడు పనులు. నెల మీటింగులో బడి మానేసిన పిల్లల పేర్లు అడగాలి. ఆస్పత్రికి పోయే తల్లికి తోడుగా ఒక సభ్యురాలు పోవాలి, ఛార్జీలకు సంఘం నుంచి చిన్న అప్పు ఇవ్వాలి. సుగ్గికి పోయే ఇల్లయితే బిడ్డను సీజనల్ హాస్టల్లో చేర్పించి, ఆ బిడ్డ తీరు వార్డెనుకు ముందే చెప్పాలి.

ఈ మూడూ ఈ రోజే తీర్మానం పుస్తకంలో రాయించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.