నీళ్ళ నడుమ ఒక రోజు



పిల్లలకి సెలవులిచ్చారంటే ఇల్లాలికి రెండు పనులు ఎక్కువవుతాయి. మొదటిది, వంటింట్లో డబ్బాలు పూటపూటకీ ఖాళీ అవుతుంటే నింపుకోవడం. రెండోది, “ఎక్కడికన్నా పోదాం” అనే పాటకు జవాబు చెప్పుకోవడం. మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లో ఈ రెండో పని చాలా పెద్దదైంది.

మేము మిర్యాలగూడలో ఉంటాం. అత్తగారి ఊరు మాడుగులపల్లి. బతుకమ్మ పండుగకి అక్కడికే వెళ్ళాం. మా చిన్నది నాలుగో తరగతి చదువుతోంది. దాని స్నేహితురాలు అమ్మానాన్నలతో అండమాన్ వెళ్ళి వచ్చిందట. నీలంగా సముద్రం, తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు – ఫోటోలన్నీ ఫోనులో చూపించిందట. ఇక చూడండి! “అమ్మా, మనం ఐలాండుకు ఎప్పుడు పోతాం?” పొద్దున లేస్తే ఇదే మాట, పడుకోబోయే ముందు ఇదే మాట. విమానం టిక్కెట్ల లెక్క పిల్లకి చెప్పి లాభం లేదు. కసిరితే మొహం ముడుచుకుంటుంది. ఆలోచించి, ఆలోచించి, “నీ పుస్తకంలో ద్వీపం అంటే ఏమని రాశారే?” అన్నాను. “చుట్టూ నీళ్ళుంటే ద్వీపం” అంది. “అట్లాంటిది మనకి దగ్గర్లోనే ఉంది. రేపు పోదాం పద” అన్నాను.

నేను చెప్పింది నాగార్జునకొండ సంగతి. మీలో చాలామంది చూసే ఉంటారు. చూసి, “ఆఁ, రాళ్ళేగా” అనుకుని వచ్చినవాళ్ళూ ఉంటారు. నేను కూడా పెళ్ళైన కొత్తలో ఒకసారి వెళ్ళి అట్లాగే తిరిగొచ్చినదాన్నే. ఈసారి పిల్ల చెయ్యి పట్టుకుని చూశాను కనుక ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

బయల్దేరే ముందు రాత్రి అత్తమ్మని కూడా రమ్మన్నాను. ఆవిడకి డెబ్భై అయిదు దాటాయి, అయినా కాళ్ళూ చేతులూ బాగానే ఆడతాయి. “నేనెందుకు బిడ్డా, మీరు పోయి రండి. నేను చూసిందే కదా” అని అటు తిరిగి పడుకుంది. ఆవిడ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేదని, డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిందని నాకు తెలుసు. ఎన్నడూ దాని ఊసెత్తదు. మేమూ అడగలేదు.

తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపాను. పెరుగన్నం, సద్దుల బతుకమ్మకి చేసిన నువ్వుల పొడి ఇంత, రెండు సీసాల మంచినీళ్ళు సర్దుకుని నిడమనూరు, హాలియా, పెద్దవూర మీదుగా సాగర్ చేరాం. ఇక్కడ ఒక హెచ్చరిక. కొండమీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. నిరుడు నేను ఆ సంగతి కనుక్కోకుండా శుక్రవారమే బయల్దేరి, పిల్లని ఏడిపించి తీసుకొచ్చాను. లాంచీలు కూడా గాలి ఎక్కువగా ఉన్నా, నీళ్ళు బాగా తగ్గినా నడవవు. ముందుగా ఫోను చేసి కనుక్కుని కదలడం మంచిది.

డ్యాము దిగువ వంతెన దాటి కుడి గట్టుకు వెళ్ళాం. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. ఇంట్లోంచి నల్లగొండ జిల్లాలో బయల్దేరిన మనం లాంచీ ఎక్కేసరికి ఆంధ్రప్రదేశ్‌లో పల్నాడు జిల్లాలో ఉంటాం. నీళ్ళకి మాత్రం ఈ లెక్కలేవీ లేవు, రెండు గట్లనీ ఒరుసుకునే ఉన్నాయి. అక్కడి నుంచి డ్యాము వైపు చూసి మా చిన్నది నోరు తెరిచింది. ఇరవై ఆరు గేట్లు వేలు పెట్టి లెక్కపెట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. యంత్రాలు అంతగా లేని రోజులవి. అంత ఎత్తు గోడనీ మనుషులే రాయి మీద రాయి పేర్చి లేపారు. ఆ రాళ్ళు నెత్తిన మోసినవాళ్ళలో ఆడకూలీలు ఎందరో! 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకి నీళ్ళు వదిలారు. కుడివైపుది జవహర్ కాలువ, మనవైపుది లాల్ బహదూర్ కాలువ. మా మామగారి పొలం ఈ ఎడమ కాలువ కిందే పండింది. మిర్యాలగూడ చుట్టూ ఇన్ని బియ్యం మిల్లులు వెలిశాయంటే అదీ ఈ నీళ్ళ చలవే.

లాంచీలో లైఫ్ జాకెట్ ఇచ్చారు. పిల్ల దానికి సరిపోయే కొలత అడిగి మరీ తొడిగాను. మీరు కూడా మొహమాటపడకండి. “ఉక్కగా ఉందమ్మా” అని పిల్లలు విప్పేస్తారు, విప్పనివ్వకండి. పదకొండు కిలోమీటర్ల దూరం, దాదాపు గంట ప్రయాణం. చుట్టూ కొండలు, మధ్యలో ఆకుపచ్చగా నీళ్ళు. కాసేపు మా చిన్నదానికి అండమాన్ గుర్తుకు రాలేదు. తర్వాత లాంచీ నడిపే పెద్దాయన దగ్గరికి పోయి, “తాతా, మన కింద ఏముంటది?” అని అడిగింది. చేపలుంటాయంటాడని నేననుకున్నాను. ఆయన తల తిప్పకుండానే, “ఊళ్ళుంటయి బిడ్డా” అన్నాడు.

పిల్ల నా దగ్గరికి వచ్చి కూర్చుంది. “ఊళ్ళంటే ఇండ్లేనా? మనుషులు ఏమైన్రు?” అంది. ముందే ఖాళీ చేయించారనీ, వేరేచోట ఇళ్ళు కట్టుకున్నారనీ చెప్పాను. “మీ నానమ్మ ఊరు కూడా అట్లా పోయిందే” అని నోటివెంట వచ్చేసింది. అది కొంచెంసేపు పలకలేదు. “మరి నాకు ఎవ్వరూ చెప్పలే!” అంది. జవాబు నా దగ్గర లేదు.

కొండ దగ్గర దిగాం. నిజానికి అది ద్వీపంగా పుట్టింది కాదు. లోయ నడుమ పెద్ద గుట్ట. లోయ నిండా నీళ్ళు నిండితే తల ఒక్కటి పైన మిగిలింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ లోయలో ఒక పాత స్తంభాన్ని గమనించి పైవాళ్ళకి తెలియజేశారు. మద్రాసు శాసన శాఖ నుంచి ఏ.ఆర్. సరస్వతి వచ్చి చూశారు. మరుసటేడు నుంచి లాంగ్‌హర్‌స్ట్ అనే దొర తవ్వించాడు. అక్కడ దాదాపు 1700 ఏళ్ళ కిందటి ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి బయటపడింది. తీరా డ్యాము కడతామనేసరికి లోయ మొత్తం మునుగుతుందని తేలింది. అప్పుడు 1954 నుంచి ఆరేళ్ళపాటు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయంతా గాలించారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని ఊడదీసి, రాళ్ళూ ఇటుకలూ మోసుకొచ్చి, కొన్ని ఈ కొండమీద, కొన్ని ఒడ్డున అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. 1966లో కొండమీద మ్యూజియం పెట్టారు.

మహాచైత్యం చూశాం, స్నానఘట్టం చూశాం. పిల్లలకి ఎండలో అన్నీ చూపించాలని తాపత్రయపడితే ఏదీ గుర్తుండదని నేను నేర్చుకున్నాను. అందుకని చెట్టు నీడన సద్ది విప్పి, తిన్నాక, “ఇంక నువ్వు ఎటు తీసుకుపోతే అటు వస్తా” అన్నాను. అది నన్ను మ్యూజియంలోకి లాక్కుపోయింది. శిల్పాల్లో ఆడవాళ్ళ గాజులు, వడ్డాణాలు చూసి, “నీకు లేవేం?” అని నిలదీసింది. అక్కడున్నవాళ్ళు నవ్వారు. మునిగిన లోయ నమూనా ఒకటి ఉంది. దాని దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది. గుట్టలేవో, విహారాలెక్కడో ఒక్కొక్కటీ గుర్తుపట్టింది. చివరికి, “దీంట్ల నానమ్మ ఇల్లు యాడుందమ్మా?” అంది. వెతికాం. దొరకలేదు.

సోదరీమణులారా, అక్కడి శాసనాల గురించి ఒక మాట చెప్పాలి. ఆ లోయలో కట్టిన విహారాలకీ చైత్యాలకీ దానాలు చేసినవాళ్ళలో చాలామంది స్త్రీలే. మహాచైత్యాన్ని నిలిపినావిడ శాంతిశ్రీ. శాంతమూల మహారాజు తోబుట్టువు, వీరపురుషదత్తుడికి మేనత్త. ఆవిడంటే రాజుగారి ఇంటి ఆడపడుచు. నాకు మరీ నచ్చినావిడ బోధిశ్రీ అనే ఉపాసిక. రాణి కాదు, మనలాగే ఒక గృహస్థుడి ఇల్లాలు. ఆవిడ చేయించిన పనుల పట్టిక ఒక శాసనంలో ఉంది. ఒకచోట చైత్యగృహం, ఒకచోట బోధివృక్షానికి మందిరం, ఒకచోట మండపం, ఇంకోచోట తటాకం. సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు అక్కడొక విహారం ఉండేది, అక్కడా ఆవిడ చెయ్యి ఉంది. అంటే లంకాద్వీపం మనుషులు ఆనాడే మన కృష్ణ ఒడ్డుకు వచ్చి ఉన్నారన్నమాట. ఇంత చేసి, ఆ పుణ్యం తన ఒక్కదానికే అడగలేదు ఆ తల్లి. పుట్టింటివాళ్ళనీ, అత్తింటివాళ్ళనీ, అక్కచెల్లెళ్ళనీ, అన్నదమ్ములనీ వరసపెట్టి తలుచుకుంది. మనం దేవుడి ముందు దీపం పెట్టి అందరినీ తలుచుకోమూ, అట్లాగ.

ఇదంతా పిల్లకి కథలాగా చెప్పాను. చెబుతుంటే నాకే గుండెల్లో ఏదో కలుక్కుమంది. పదిహేడు వందల ఏళ్ళ కిందటి ఇల్లాలి అక్కచెల్లెళ్ళ సంగతి రాతిమీద చదివి మురిసిపోతున్నాను. మా ఇంట్లో, మా వరండాలో కూర్చున్న మనిషి పుట్టిన ఊరు ఎట్లా ఉండేదో పదిహేనేళ్ళ కాపురంలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

తిరుగు ప్రయాణంలో మా చిన్నది లాంచీ దిగాక గట్టు దగ్గర వంగి, ఖాళీ సీసాలో నీళ్ళు పట్టుకుంది. “ఎందుకే?” అంటే చెప్పలేదు. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేశారు. తిన్నగా పోయి సీసా నానమ్మ చేతిలో పెట్టి, “మీ ఊరి నీళ్ళు తెచ్చిన” అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆవిడ సీసా అటూ ఇటూ తిప్పి చూసి ఫక్కున నవ్వింది. “ఓసి పిచ్చిదానా! ఈ నీళ్ళు మన కాలువల దినాం వస్తనే ఉన్నయి కదనే!” అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ రాత్రి ఆవిడ మాట్లాడింది. అప్పటికి ఆవిడకి పదకొండేళ్ళట. ఊరి ముందు వేపచెట్టు, మెట్లబావి, కృష్ణలో ఈతకొట్టే మగపిల్లల్ని చూసి కుళ్ళుకోవడం, అన్నీ చెప్పింది. ఊరు విడిచిన రోజు అందరూ తలుపులూ దూలాలూ ఊడదీసి బండ్లకెక్కించారట. వాళ్ళమ్మ మాత్రం ఇసుర్రాయి పట్టుకుని కూర్చుందట. “బరువు, వద్దు” అని నాయన కోప్పడ్డాడట. “నా తల్లి ఇసిరిన రాయి, ఇది రాకుంటే నేనూ రాను” అందట ఆవిడ. ఆ రాయే అత్తమ్మ పెళ్ళికి ఆమె వెంట మాడుగులపల్లి వచ్చింది. ఇంకా మా వరండాలోనే ఉంది. మా చిన్నది పుట్టినప్పటి నుంచీ దాని మీదే కూర్చుని చెప్పులు తొడుక్కుంటుంది! మిక్సీ వచ్చాక అడ్డమని తీసి పెరట్లో వేయిద్దామని నేను రెండుసార్లు అనుకున్నాను కూడా. ఆ మాట అప్పుడు పైకి చెప్పలేకపోయాను, ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే రాయి కడిగి, పసుపు రాసి ఉంది. మా చిన్నది ఒక అట్టముక్క మీద నానమ్మ ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి దాని పక్కన పెట్టింది. మ్యూజియంలో బొమ్మల పక్కన పెడతారే, అట్లాగ.

కాలువ రావడం తప్పని నేననడం లేదు. ఆ నీళ్ళు రాకపోతే మా పొలం బీడే, నా పిల్ల కంచంలో అన్నం ఎక్కడిది? లోకంలో పెద్ద డ్యాములు కట్టిన ప్రతిచోటా ఇదే కథ. ఈజిప్టులో ఆస్వాన్ దగ్గర డ్యాము కట్టినప్పుడు అబూ సింబెల్ గుళ్ళను కోసి, పైకి తెచ్చి నిలబెట్టారు. అక్కడా నూబియా పల్లెల జనం ఇల్లూ వాకిలీ విడిచి పోయారు. గుళ్ళ సంగతి అందరికీ తెలుసు. పల్లెల సంగతి ఆ ఇళ్ళల్లో ముసలివాళ్ళే చెప్పాలి. మనమూ అన్నం తినేటప్పుడు, ఈ అన్నం కోసం ఎవరో ఊరు వదిలారని పిల్లలకి ఒక్కసారి చెప్పడం మన పని. అది బళ్ళో చెప్పరు.

కనుక, సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోయినా సరే, దూరమైనా దగ్గరైనా, బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోబెట్టండి. “ఆ వైపు మీకేం తెలుసు?” అని అడిగించండి. తిరిగొచ్చాక మళ్ళీ కూర్చోబెట్టండి. ఖర్చు లేని పని. ఆలస్యం చేస్తే మాత్రం ఎంత ఖర్చు పెట్టినా దొరకని పని.

మా చిన్నది అండమాన్ సంగతి మరిచిపోయిందనుకునేరు. ఏం మరిచిపోలేదు! వచ్చే ఏడు పోదామని నిన్ననే గుర్తు చేసింది. కాకపోతే ఇప్పుడు ఒక కొత్త షరతు పెట్టింది. దానికి ముందు, నీళ్ళు తగ్గిన వేసవిలో నానమ్మని లాంచీ ఎక్కించి, వాళ్ళ ఊరు ఏ వైపో చూపించమనాలట. అత్తమ్మ ఇంకా ఊఁ అనలేదు. అయితే ఈసారి కాదని కూడా అనలేదు.

సెలవు.