ఆయువు తక్కువైన గ్రంథములు

సి. పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. 1903లో దానిని సంస్కరించి మరల ముద్రించిరి. నేటికిని సందేహము కలిగినప్పుడు దానిని తెరచువారు కలరు. అందలి మాటలు కొన్ని వాడుక తప్పియుండవచ్చును గాని, వాటివలన ఎవరికిని ఆపద లేదు. ఈనాడు మన యువకులు నేర్చుచున్న భాషలు మరికొన్ని కలవు. అవి వెబ్‌సైట్లను నడపుటకై మనుష్యుడు కల్పించిన కంప్యూటరు భాషలు. వాటికిని రిఫరెన్సు గ్రంథములు ఉన్నవి. అయితే ఆ గ్రంథముల ఆయువు మిక్కిలి స్వల్పము.

పిహెచ్‌పి అను భాషను చూతము. రాస్ముస్ లెర్డోర్ఫ్ తన సొంత వెబ్ పుటల కొరకు చేసికొన్న పనిముట్లనుండి, 1995లో ఇది లోకమునకు వచ్చినది. డేటాబేసునుండి సమాచారము తెచ్చుటకు ‘మైఎస్‌క్యూఎల్_క్వెరీ’ అను ఆదేశమును నాటి పుస్తకములు నేర్పెడివి. 2013లో వచ్చిన 5.5వ వెర్షనులో దానిని ఇక వాడరాదని ప్రకటించిరి. 2015 డిసెంబరులో వచ్చిన 7వ వెర్షనులో బొత్తిగా తొలగించిరి. పాత పుస్తకము చూచి ఆ మాట వ్రాసినచో, నేటి కంప్యూటరు దానిని గుర్తింపదు, పని ఆగిపోవును.

ఆగిపోవుట ఒక విధముగా మేలే. ఆగక నడచు తప్పు అంతకన్న చెడ్డది. వెబ్‌సైటులో ఎవరైన తమ పేరు టైపు చేసినచో, ఆ పేరును డేటాబేసు ప్రశ్నలో నేరుగా అతికించు పద్ధతి పాత పుస్తకములు పెక్కింట కనబడును. పేరు వ్రాయవలసిన చోట దుర్బుద్ధి గలవాడు ఒక ఆజ్ఞనే వ్రాసినచో, డేటాబేసు దానిని సైతము శిరసావహించును. పదిమంది ఖాతాల వివరములు వాని చేతికి చిక్కును. ప్రశ్నను ముందుగా సిద్ధపరచి, వచ్చిన పేరును పేరుగానే అప్పగించుట నేటి పద్ధతి. పాత పద్ధతియు పనిచేయుచునే యుండును; కనుకనే విద్యార్థికి అనుమానము రాదు.

ఇంకొక విచిత్రము కలదు. ప్రపంచ లిపులన్నిటిని భాషలోనే ఇముడ్చవలెనని పిహెచ్‌పి 6వ వెర్షనును తలపెట్టిరి. అది రాకమునుపే, 2008 ప్రాంతమున, దాని పేరిట పుస్తకములు అంగళ్లకు వచ్చినవి. 2010లో ఆ ప్రయత్నమును విరమించిరి. 2014లో తరువాతి వెర్షనుకు పేరు పెట్టవలసినప్పుడు ఓటింగు జరిపి, ఆరును వదలి ఏడు అని నిశ్చయించిరి. ఆ పుస్తకములవలన కలుగు గందరగోళమును నాడు చర్చలో ఒక కారణముగా చెప్పిరి. పుట్టని బిడ్డకు ముందే జాతకము వ్రాసినట్లయినది!

జావాస్క్రిప్టు సంగతియు ఇట్టిదే. 2015 మొదలు ఏటేట దాని ప్రమాణము నూతన ముద్రణ పొందుచున్నది. డేవిడ్ ఫ్లానగన్ ఆ భాషపై వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము 1996లో మొదట వెలువడినది. 2020నాటి ఏడవ ముద్రణలో, పూర్వమున్న రిఫరెన్సు భాగమును ఆయనయే తీసివేసెను. అట్టి పట్టికలకు వెబ్‌లో ఎప్పటికప్పుడు సవరింపబడుచుండు పుటలే తగిన తావు గదా.

ఇంతమాత్రమున పుస్తకములు వ్యర్థములని తలపరాదు. ఒక పనిని ఎట్లు విభజింపవలెను, తప్పును ఎట్లు వెదకవలెను, ఒక నియమము ఏల పుట్టినది — ఇట్టి విషయములను క్రమముగా చెప్పుటలో మంచి గ్రంథమునకు సాటి లేదు. ఆ భాగము త్వరగా ముదిమి చెందదు. ముదిమి చెందునవి ఆదేశముల పట్టికలు, నమూనా ప్రోగ్రాములు.

కోఠీలోనో, విజయవాడ లెనిన్ సెంటరులోనో పాత పుస్తకము కొను విద్యార్థి ధరకన్న ముందు ముద్రణ సంవత్సరమును, వెర్షను సంఖ్యను చూడవలెను. అందలి ప్రతి ఆదేశమును ఆ భాష అధికారిక మాన్యువలుతో సరిపోల్చుకొనవలెను. గ్రంథాలయాధికారులు ఇట్టి పుస్తకముల అట్టపై వెర్షనును పెద్ద అక్షరములతో వ్రాసి, కాలము చెల్లినవానిని వేరు బీరువాలో ఉంచిన ఎంతయు మేలు. అట్టమీది ఆ చిన్న చీటీ, ఎవరో ముక్కు మొగము తెలియనివారి ఖాతాను కాపాడవచ్చును.