సూది సాయం – నడక సాధన

(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులుగా రిటైరైనవాణ్ణి. పక్షవాతం వచ్చి మళ్ళీ నడక నేర్చుకున్న మనిషిగా నాలుగు మాటలు మనవి చేస్తాను.

నా కుడికాలు పడిపోయినప్పుడు ఇంటికొచ్చిన ప్రతివారూ ఆక్యుపంక్చర్ చేయించమన్నారు. ఇది చైనా వైద్యం. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్ళిన డాక్టర్ బి.కె. బసు తర్వాత దాన్ని నేర్చుకుని కలకత్తాలో ప్రారంభించారు.

నాకు మోకాలిచిప్పకు నాలుగు వేళ్ళ కింద, పాదం మీద సన్నని సూదులు గుచ్చి అరగంట ఉంచేవారు. బిగువు కాస్త సడలినట్లనిపించేది. వెంటనే ఫిజియోథెరపీ: కుర్చీలోంచి లేవడం, రెండు కాళ్ళపై సమంగా బరువు మోపడం, గోడ పట్టుకుని అడుగు వేయడం. వేళ్ళు నేలకు రాసుకునేవి. మా ఊరి ఇసుకలో అడుగు పడక వసారాలోనే తిరిగాను.

నెల తిరిగేసరికి సూదులే నడిపిస్తాయని వ్యాయామం మానేశాను. కాలు మళ్ళీ బిగుసుకుంది. ఆ తప్పు మీరు చేయకండి. కోక్రేన్ సంస్థ 2016లో 31 పరిశోధనలను పరిశీలించి, ఆక్యుపంక్చర్ వల్ల కొంత మేలు ఉండవచ్చుగాని, ఆ పరిశోధనల నాణ్యత చాలనందున గట్టిగా చెప్పలేమంది. కనుక సూది సాయమే, నడిపించేది సాధన.

కర్ర బాగున్న చేతిలో పట్టండి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయండి.

మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారు ఎక్కువ. ఫిస్టులా ఉన్న చేతికి సూది వద్దు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. ప్రతిసారీ కొత్త సూదే వాడాలి.

చివరి మాట. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా పసర్లు, మర్దనాలంటూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. బి.పి. మాత్ర ఒక్కపూట కూడా మానకండి.