వేలికొనకు అందే తెలుగు

(చోళపురంలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో తెలుగు బడి, తెలుగు పంతులు, తెలుగు వాచకం అనే మూడు మాటలు తప్పక వినిపిస్తాయి. వినిపించవలసినవే. నేడు నేను నాలుగవ సంగతి ఒకటి మీ ముందు పెట్టదలిచాను. మన తెలుగు ఇళ్లలో చూపులేని పిల్లలు కూడా ఉన్నారు. వారికి తెలుగు చదువు ఎట్లా అన్న ప్రశ్న మన తీర్మానాలలో కనబడదు. చూపున్న పిల్లలకే తెలుగు అక్షరం దక్కని చోట, చూపులేని బిడ్డకు దక్కుతుందా అని మనమే ముందుగా ఆశ వదులుకొన్నాము. వాస్తవం దీనికి తలక్రిందులుగా ఉన్నది. తమిళనాడులో చదువుకొనే తెలుగు పిల్లలందరిలో తెలుగు చదవడానికి అతి దగ్గరగా ఉన్నది బ్రెయిలీ నేర్చిన బిడ్డయే. ఆ కొద్దిపాటి దూరాన్ని కూడా దాటించే పరికరం ఇప్పుడు ఉన్నది. దానిని అడిగే హక్కు చట్టంలో ఉన్నది. ఈ మూడు మాటలను వరుసగా వివరిస్తాను.

మాట మిగిలింది, అక్షరం పోయింది

రాజపాళయం సీమలో రాజులు, నాయుళ్లు, రెడ్లు, అరుంధతీయులు మొదలైన పలు కులాల ఇళ్లలో తెలుగు ఇంటి నుడిగా నేటికీ నిలిచి ఉన్నది. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ రాజపాళయం వారే. మనకు తూర్పున ఉన్న నల్లరేగడి సీమలో కి. రాజనారాయణన్ ఇంటి నుడి తెలుగు. ఆంధ్రదేశం నుండి తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చిన కథను ఆయన ‘గోపల్ల గ్రామం’గా 1976లో తమిళంలో వ్రాశారు. అది గొప్ప నవల, సందేహం లేదు. అయితే మన వలస కథను మనం తమిళ లిపిలోనే చదువుకొంటున్నామన్న సంగతి కూడా అంతే నిజం. మాట వంటింటిలో మిగిలింది, అక్షరం బడిలో పోయింది.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి తరగతి తరువాత తరగతిగా తప్పనిసరి చేసింది. తమిళం నేర్వడంలో మనకు అభ్యంతరం లేదు. ఈ నేల నుడి మనకు అన్నం పెట్టే నుడి. కాని తమిళం చదివే పిల్లవాడికి తెలుగు లిపి పూర్తిగా కొత్తది. అక్షరమాల, గుణింతాలు, ఒత్తులు మొదటినుండి దిద్దవలసిందే. దిద్దించే పంతులు లేనిచోట ఆ పిల్లవాడు తెలుగు మాట్లాడుతూనే తెలుగుకు నిరక్షరాస్యుడవుతున్నాడు.

ఒకే గడి, రెండు నుడులు

చూపులేని బిడ్డ విషయంలో ఈ అడ్డుగోడ లేదు. ఎందుకు లేదో చూడండి.

లూయీ బ్రెయిలీ (1809–1852) రూపొందించిన లిపిలో ఒక్కొక్క గడికి ఆరు చుక్కలు. ఎడమ నిలువున పైనుండి 1, 2, 3. కుడి నిలువున 4, 5, 6. ఏ చుక్క లేచి ఉన్నదో, ఏది లేదో వేలితో తెలుసుకొని చదవాలి. మన దేశానికి ఈ లిపి వచ్చిన తొలినాళ్లలో ఒక్కొక్క ప్రాంతం వారు ఒక్కొక్క విధంగా చుక్కలను పంచుకొన్నారు. మనకు పొరుగున తిరునెల్వేలి వద్ద పాళయంకోట్టైలో మిస్ ఆస్క్‌విత్ 1890లోనే అంధుల పాఠశాల ప్రారంభించారు. అంతటి పాత చరిత్ర మన సీమకు ఉన్నది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1951 నాటికి, భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతి కుదిరింది. దాని పేరు భారతీ బ్రెయిలీ. దాని సూత్రం చాలా సులువు. ఏ భాషలోనైనా ఒకే ధ్వనికి ఒకే గడి. తెలుగు ‘క’కు 1, 3 చుక్కలు. తమిళ ‘క’కూ అవే చుక్కలు. కంటికి రెండు లిపులు, వేలికి ఒకటే.

మన ఊరి పేరే తీసుకొందాము. తెలుగులో ‘చోళపురం’ అని బ్రెయిలీలో వ్రాస్తే చ, ఓ, ళ, ప, ఉ, ర, సున్న అని ఏడు గడులు వస్తాయి. బ్రెయిలీలో గుణింతపు గుర్తు హల్లును అంటుకొని ఉండదు, అచ్చుగా ప్రక్క గడిలో వస్తుంది. ఇదే పేరును తమిళంలో వ్రాసినప్పుడు ఈ ఏడింటిలో చ, ఓ, ప, ఉ, ర అనే ఐదు గడులు అచ్చంగా అవే. తేడా రెండుచోట్ల మాత్రమే. మన ‘ళ’ ఉన్నచోట తమిళులు తమకు ప్రత్యేకమైన, ‘తమిళ్’ అన్న మాట చివర వచ్చే ఆ అక్షరాన్ని వ్రాస్తారు. దానికి వేరే గడి ఉన్నది. చివరి సున్నకు బదులు పొల్లు, మకారము అని రెండు గడులు వ్రాస్తారు. అంతే. తమిళ బ్రెయిలీ మాత్రమే నేర్చిన పదేండ్ల పిల్ల తెలుగు చోళపురాన్ని మొదటి ప్రయత్నంలోనే చాలావరకు చదివేయగలదు. చూపున్న ఆమె అన్నకు అదే మాట తెలుగు లిపిలో చూపితే గీతలూ సున్నలూ తప్ప మరేమీ కనబడదు.

ఆ పిల్ల కొత్తగా నేర్వవలసినవి లేకపోలేదు. తమిళంలో ఖ, గ, ఘ వంటి అక్షరాలకు వేరు రూపాలు లేవు. అట్టి హల్లులు సుమారు పదిహేను, వాటితోపాటు సున్న, విసర్గ. వీటిలో గ, ద, బ మూడూ ఇంగ్లీషు బ్రెయిలీలోని జి, డి, బి గడులే కనుక అవి కూడా బడిలో చేతికి వచ్చినవే. మిగిలినవి కొద్ది వారాల అభ్యాసం. తెలుగు మాటలు ఎట్లాగూ ఇంట్లో తల్లి నోట విన్నవే.

ఆ పరికరం ఏమిటి?

ఇన్నాళ్లు అడ్డుపడినది పుస్తకం. బ్రెయిలీ కాగితం దళసరిది, చుక్కలు చోటు తింటాయి, ఒక మామూలు పుస్తకం పలు బరువైన సంపుటాలవుతుంది. తమిళనాడులో తమిళ బ్రెయిలీ పుస్తకమే సులభంగా దొరకదు, తెలుగుది ఎవరు అచ్చువేస్తారు?

దానికి సమాధానం రిఫ్రెషబుల్ బ్రెయిలీ డిస్‌ప్లే. చేతిలో పట్టే పెట్టె, దాని మీద ఒక వరుసలో 20 లేక 40 గడులు. గడి గడికీ సన్నని పుల్లలవంటి చుక్కలు ఉంటాయి. అవి కాగితపు చుక్కల వలె స్థిరంగా ఉండవు, లేస్తాయి, పడతాయి. ఎక్కువ పరికరాలలో ప్రతి చుక్క క్రింద ఒక సన్నని పీజో పట్టీ ఉంటుంది. విద్యుత్తు సోకగానే అది వంగి చుక్కను పైకి నెడుతుంది. పంక్తి చదవడం అయ్యాక మీట నొక్కితే అదే గడులలో తరువాతి పంక్తి లేస్తుంది. 20 గడుల వరుసలో ‘చోళపురం రాజపాళయం’ అన్న రెండు పేర్లు పట్టి ఇంకా చోటు మిగులుతుంది. ఒకే ఒక్క పంక్తి, కాని దాని వెనుక ఒక గ్రంథాలయమంతా ఉండవచ్చు.

పెట్టె మీద బ్రెయిలీ వ్రాసే మీటలు కూడా ఉంటాయి. చుక్కకొక మీట, నడుమ ఖాళీకి ఒక మీట. పిల్ల తరగతిలో పాఠం వింటూ వ్రాసుకొంటుంది, వ్రాసినది అందులోనే దాచుకొంటుంది, సాయంత్రం ఇంట్లో తిరిగి చదువుకొంటుంది. ఇట్లా సొంతంగా పని చేసేవాటిని నోట్‌టేకర్ అంటారు. కొన్నింటిలో మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. చాలావరకు తీగ ద్వారా గాని బ్లూటూత్ ద్వారా గాని ఫోనుకో కంప్యూటరుకో కలుపుకోవచ్చు. కంప్యూటరులో ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాన్ని తీసుకొని బ్రెయిలీ గడులుగా మార్చి పంపుతుంది. ఆ మార్పు చేసే లిబ్‌లూయీ అన్న ఉచిత సాఫ్ట్‌వేరులో తెలుగు పట్టిక ఉన్నది, తమిళ పట్టికా ఉన్నది. ఇక్కడ ఒక హెచ్చరిక. సెట్టింగులలో బ్రెయిలీ పట్టిక ఇంగ్లీషు మీద ఉండిపోతే తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు లేస్తాయి. పరికరానికి తెలుగు రాదని అప్పుడు తీర్మానించవద్దు, పట్టిక మార్చమనండి.

వెల సంగతి దాచను. చిన్నవి పదుల వేల రూపాయలలో, పెద్ద నోట్‌టేకర్లు లక్షలలో ఉంటాయి. వెల తగ్గించే ప్రయత్నాలు జరిగాయి. పలు దేశాల అంధుల సంస్థలు చేయి కలిపిన ఫలితంగా 20 గడుల ఆర్బిట్ రీడర్ వచ్చింది. ఢిల్లీ ఐఐటీ వారు పీజో పట్టీకి బదులు వేడికి రూపం మార్చుకొనే మిశ్రలోహంతో చుక్కలను లేపే డాట్‌బుక్‌ను 2019లో ముందుకు తెచ్చారు. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. మనది నూలు మిల్లుల సీమ. పత్తి ధూళి, చేతి జిడ్డు చుక్కల సందులలో చేరితే అవి బిగుసుకుపోతాయి. చేతులు కడుక్కొని ముట్టుకోవాలి, పని కాగానే మూత వేయాలి.

వింటే చాలదా?

ఫోను తెలుగులో చదివి వినిపిస్తుంది గదా, ఇంత ఖర్చు దేనికని కొందరు పెద్దలు అడుగుతారు. వినడం మంచిదే, వద్దనను. కాని వినడం చదవడం కాదు. చూపున్న బిడ్డకు పాఠాలు వినిపించి, ఒక్క అక్షరం కూడా నేర్పకుండా పదవ తరగతి దాటిస్తామంటే మీరు ఒప్పుకొంటారా? ‘శ’ ఎక్కడ, ‘ష’ ఎక్కడ, ఒత్తు ఎక్కడ, దీర్ఘం ఎక్కడ అన్నది చెవికి తేలదు, వేలికి తేలుతుంది. పరీక్షలో తప్పు లేకుండా వ్రాయాలన్నా, తన పేరు తాను సరిదిద్దుకోవాలన్నా అక్షరం కావాలి. మన సీమ తెలుగుకు ఇప్పటికే వినికిడి మాత్రమే మిగిలింది. చూపులేని బిడ్డకు కూడా వినికిడి చాలునంటే ఆ లోటును మనమే శాశ్వతం చేసినవారమవుతాము.

చట్టం ఏమంటున్నది?

రాజ్యాంగం 29వ అధికరణం తమకంటూ ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల ప్రజలకు వాటిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. లిపి అన్న మాట అందులోనే ఉన్నది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించ యత్నించవలెనని రాష్ట్రాలకు చెప్పింది. యత్నించవలెను అన్న మాటలోని బలహీనత నాకు తెలుసు. అందుచేత రెండవ చట్టాన్ని దీనితో జతచేయాలి.

వికలాంగుల హక్కుల చట్టం, 2016. ఇది 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. దాని 16వ సెక్షన్ అంధులైన, బధిరులైన పిల్లలకు అత్యంత అనువైన భాషలలో, అనువైన పద్ధతులలో చదువు చెప్పాలంటున్నది. 17వ సెక్షన్ నలభై శాతమో ఆ పైనో వైకల్యం ధ్రువపడిన విద్యార్థులకు పదునెనిమిదేండ్లు నిండేవరకు పుస్తకాలు, బోధన సామగ్రి, తగిన సహాయ పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటున్నది. ఇంట తెలుగు మాట్లాడే బిడ్డకు అనువైన భాషలలో తెలుగు కూడా ఒకటి అన్నది నా వాదన. ఏ అధికారి ముందైనా దీనిని నిలబెట్టవచ్చును.

మూడవది పుస్తకాల సంగతి. 2012లో సవరించిన కాపీరైటు చట్టం వికలాంగులు చదువుకొనే రూపంలోకి పుస్తకాన్ని లాభాపేక్ష లేకుండా మార్చడాన్ని ఉల్లంఘనగా లెక్కించదు. అంధుల పుస్తకాల కోసం 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకన్న ముందు, 2014లో, ధ్రువీకరించినది మన దేశమే.

మనం చేయవలసినది

మొదటిది దరఖాస్తు. సహాయ పరికరం కావలెను అని మాత్రమే వ్రాస్తే చేతికర్ర ఇచ్చి పంపుతారు. ‘నా బిడ్డ తమిళం, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషలూ బ్రెయిలీలో చదవడానికి, వ్రాయడానికి వీలైన రిఫ్రెషబుల్ బ్రెయిలీ డిస్‌ప్లే 2016 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఇప్పించగలరు’ అని స్పష్టంగా వ్రాయండి. వైకల్య ధ్రువపత్రం నకలు జతచేయండి. ప్రధానోపాధ్యాయుల ద్వారా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే వికలాంగుల రాష్ట్ర కమిషనరుకు ఫిర్యాదు చేసే దారి ఆ చట్టంలోనే ఉన్నది. సంతకం ఉన్న నకలు చేతిలో ఉంటేనే ఆ దారి తెరుచుకొంటుంది.

రెండవది బ్రెయిలీ. పరికరం వచ్చాక నేర్పుదాములే అని ఆగవద్దు. పలక, సూది వంటి పాత సాధనాలతోనే ఇప్పుడే తమిళ బ్రెయిలీ గట్టిగా నేర్పించండి. అది తెలుగుకు పోటీ కాదు, తెలుగుకు మెట్టు.

మూడవది మన సొంత ఇంటి పని. తెలుగు పత్రికలు, పుస్తకాలు చాలావరకు పాత డీటీపీ ఫాంట్లలో కూర్చినవి. వాటిని ఫైలుగా ఇచ్చినా పరికరానికి అది తెలుగని తెలియదు. పేజీని ఫోటో తీసి పంపితే అంతకన్నా పనికిరాదు. యూనికోడ్‌లో కూర్చిన తెలుగు అయితేనే చుక్కలుగా లేస్తుంది. ఇందుకు ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. తెలుగు కోసం పత్రికలు నడుపుతున్న మనవారు ప్రతి సంచికకు ఒక యూనికోడ్ ప్రతి తయారు చేసి, అడిగిన ఇంటికి పంపాలి. మన యువకులు నెలకొక బాలల కథల పుస్తకాన్ని యూనికోడ్‌లో కూర్చగలిగితే ఏడాదికి పన్నెండు పుస్తకాలవుతాయి.

ఈ సభ ముగిసేలోగా రెండు జాబితాలు వ్రాయమని నిర్వాహకులను కోరుతున్నాను. చోళపురం నుండి రాజపాళయం వరకు మన ఇళ్లలో బ్రెయిలీ నేర్చిన, నేర్వవలసిన పిల్లలు ఎందరున్నారన్నది ఒకటి. తెలుగు కూర్చి ఇవ్వగల యువకులు ఎవరన్నది రెండవది. మొదటి జాబితాలోని ప్రతి ఇంటికి దరఖాస్తు వ్రాసి ఇచ్చే బాధ్యత నాది. రెండవ జాబితా మీ చేతుల్లో ఉన్నది.

సెలవు.