ఫిర్యాదు తర్వాత బడిలో

ఇంగ్లండ్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడిలో ఏ సాయం అందాలో ప్రణాళిక రాసిచ్చే పూచీ స్థానిక కౌన్సిల్‌ది. అవసరమని తేలితే, అడిగిన నాటి నుంచి 20 వారాల్లో ఆ ప్రణాళిక ఇంటికి చేరాలి. చాలాసార్లు చేరదు. ఆ ఆలస్యంలో బిడ్డ పోగొట్టుకునేది చదువు. నాకు మనసు కలుక్కుమనేది అక్కడే.

ముందు కౌన్సిల్‌కే ఫిర్యాదు చేయాలి. న్యాయం జరగకపోతే, కౌన్సిళ్లపై ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉన్నారు. 1974 చట్టంతో వచ్చిన ఏర్పాటు ఇది, రుసుమేమీ లేదు. తప్పు తేలితే క్షమాపణ చెప్పమంటారు, పోయిన పాఠాలకు పరిహారం ఇమ్మంటారు. అంతకన్నా విలువైనది, సిబ్బందికి శిక్షణ ఇవ్వండి, పద్ధతి మార్చండి, ఇలాగే నష్టపోయిన మిగతా పిల్లల ఫైళ్లూ తిరగేయండి అని చెప్పడం. ఈ సిఫార్సులు కోర్టు తీర్పు కాకపోయినా కౌన్సిళ్లు దాదాపు అన్నిటినీ అమలుచేస్తాయి. ఫిర్యాదు రాయడం తెలియని తల్లి బిడ్డకూ అలా సాయం అందుతుంది.

సమస్య తెలిసిన 12 నెలల్లోపే అంబుడ్స్‌మన్‌కు రాయాలి సుమా.